ఖరీదైన బూట్లా, మెత్తని చెప్పులా?



మామిడి కోతల రోజుల్లో మన ఓపీకి కాలి పుండ్లతో వచ్చేవారు ఎక్కువగా ఉంటారు. తెల్లవారకముందే తోటకు వెళ్లి, ఎండ ముదిరేదాకా చెట్ల కింద తిరిగి, మధ్యాహ్నం కాయలు ఏరే షెడ్డులో నిలబడి, లారీ కదిలాక ఇల్లు చేరే మనిషికి తన అరికాలు చూసుకునే తీరిక ఎక్కడ ఉంటుంది? వారిలో షుగరు వ్యాధి ఉన్నవారు ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, వాటికి ఎంత డబ్బు పెట్టాలి అన్నదే ఈ నెల పాఠం.

ముందుగా జరిగిన ఒక సంగతి చెబుతాం. నూజివీడు దగ్గర పల్లెలో తోటలు కౌలుకు చేసే పెద్దాయన ఒకరు చాలా ఏళ్లుగా షుగరు మందులు వాడుతున్నారు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు ఊరికి వస్తూ, నాన్నకని పెద్ద పేరున్న కంపెనీ బూట్లు తెచ్చాడు. ఖరీదు ఎంతో చెప్పలేదు, చెబితే వేసుకోరని. బంధువుల పెళ్లికి ఆయన వాటిని వేసుకుని రోజంతా తిరిగారు. రాత్రి విప్పితే చిటికెన వేలి దగ్గర మేజోడు తడిసి ఉంది. నొప్పి లేదు కదా అని పసుపు రాసి ఊరుకున్నారు. అంతలో కోతలు మొదలయ్యాయి. మూడు వారాల తరువాత ఇంట్లోవాళ్లకు వాసన తెలిసి మా దగ్గరకు తీసుకువచ్చారు. అప్పటికే చీము ఎముకదాకా వెళ్లింది. ఆ వేలు తీసివేయవలసి వచ్చింది.

ఆ సాయంత్రం కొడుకు వరండాలో కూర్చుని మమ్మల్ని ఒకటే అడిగాడు. "డాక్టరుగారూ, నేను తక్కువ రకం కొన్నానా? ఇంకా మంచి కంపెనీవి కొనవలసిందా?"

ఆ రోజు ఆ అబ్బాయిని ఓదార్చడమే సరిపోయింది, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాం. బూటు తక్కువ రకం కాదు. అది ఇరుకు. చూడటానికి సొగసుగా ఉండాలని ముందు భాగం సన్నగా కుట్టిన బూటు అది. చిన్నప్పటినుంచి చెప్పులు లేకుండా తోటల్లో తిరిగిన ఆ పెద్దాయన పాదం వేళ్ల దగ్గర విప్పారి ఉంటుంది. ఇంకో రెండింతలు డబ్బు పెట్టి అదే ఆకారం బూటు కొన్నా జరిగేది అదే.

నొప్పి చేసే మేలు

కొత్త చెప్పు కరిస్తే మనం ఏం చేస్తాం? నాలుగడుగులు వేసేసరికి కుంటుతాం, బరువు పక్కకు మారుస్తాం, కుదరకపోతే చెప్పు చేత్తో పట్టుకుని నడుస్తాం. ఇదంతా ఆలోచించి చేసేది కాదు, నొప్పి చేయిస్తుంది. షుగరు చాలాకాలం అదుపు తప్పి ఉంటే పాదాలకు వెళ్లే నరాలు దెబ్బతింటాయి. కొందరికి తిమ్మిర్లు, మంటలు వస్తాయి. కొందరికి ఏ బాధా లేకుండానే స్పర్శ పోతుంది. వీరే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు, ఎందుకంటే "నా కాళ్లకేమీ లేదండీ" అని చెప్పేది వీరే. దీనితోపాటు పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు వంకరపోతాయి, అరికాలు ముందు భాగంలో ఎముకలు పొడుచుకువస్తాయి, చెమట తగ్గి చర్మం పగులుతుంది. అడుగు పడిన ప్రతిసారీ ఒకే చోట ఒత్తిడి పడి అక్కడ ఆనె కడుతుంది. ఆనె కింద మాంసం నలిగి పుండు పడుతుంది.

ఈ విషయం ప్రపంచానికి గట్టిగా తెలిసింది షుగరు రోగుల వల్ల కాదు, కుష్ఠు రోగుల వల్ల. అది కూడా మన పొరుగునే ఉన్న రాయవెల్లూరులో. తమిళనాడు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో సర్జనుగా చేరారు. కుష్ఠు వల్ల మాంసం దానంతట అదే కుళ్లి రాలిపోతుందని ఆ రోజుల్లో వైద్యులు కూడా నమ్మేవారు. ఆయన రోగుల చేతులు, కాళ్లు జాగ్రత్తగా పరిశీలించి, అది నిజం కాదని తేల్చారు. జబ్బు నరాలను చంపుతోంది. నొప్పి తెలియని మనిషి మేకు మీద నడుస్తాడు, కాలిన పాత్ర పట్టుకుంటాడు, ఇరుకు చెప్పుతో మైళ్లు పోతాడు. పాదాన్ని పోగొట్టేది ఆ గాయాలే.

ఆయన స్వయంగా చెప్పిన ఒక అనుభవం ఉంది. ఒకసారి సుదీర్ఘ ప్రయాణం తరువాత లండనులో రాత్రి మేజోళ్లు విప్పుతుంటే మడమకు స్పర్శ లేదని గమనించారు. సూదితో గుచ్చుకున్నా తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకుని ఆ రాత్రంతా కుంగిపోయారు. తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే చురుక్కుమంది. రైల్లో గంటలకొద్దీ కూర్చోవడంతో నరం నొక్కుకుపోయింది, అంతే. ఆ నొప్పికి ఆయన దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

బ్రాండుగారు, ఆయన తోటివారు రకరకాల చెప్పులు ప్రయత్నించి చూశారు. చివరకు నిలిచినది మైక్రోసెల్యులార్ రబ్బరు, అందరూ ఎం.సి.ఆర్. అనేది. రబ్బరు లోపల సన్నని గాలి బుడగలు ఉంటాయి. పాదం దిగినచోట దిగి, లేచినచోట లేచి, బరువును అరికాలంతా పంచుతుంది. బ్రాండుగారు 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, షుగరు వల్ల స్పర్శ పోయిన పాదాలకూ ఇదే పద్ధతి పనికివస్తుందని చూపించారు. ఈనాడు పెద్ద దుకాణాల్లో "డయాబెటిక్ షూ" అని వేలకు అమ్మే వాటిలోనూ సూత్రం ఇదే: మెత్తని అట్ట, వెడల్పయిన ముందు భాగం, గట్టి అడుగు. దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉన్నదని 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం చెప్పింది. వారందరూ ఆ దుకాణాలకు వెళ్లలేరు.

మీ పాదానికి స్పర్శ ఉందా?

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రచురించిన తేలిక పద్ధతి ఇది. రోగి కళ్లు మూసుకోవాలి. ఇంట్లో మరొకరు చూపుడు వేలి కొనతో రోగి బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు కొనలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకండ్లు మృదువుగా తాకాలి. నొక్కకూడదు, గీకకూడదు, తట్టకూడదు. రెండు పాదాలకు కలిపి ఆరు చోట్లు. తాకినప్పుడల్లా రోగి కుడి, ఎడమ అని చెప్పాలి. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. ఓపీకి రండి. స్పర్శ బాగానే ఉన్నా ఏడాదికి ఒకసారి పాదాలు చూపించుకోవాలి.

చెప్పు ఎలా ఉండాలి

మేము చెప్పే చెప్పుకు రెండు పొరలు. పైన పాదం ఆనే చోట 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఎం.సి.ఆర్. దాని మెత్తదనాన్ని షోర్ అనే కొలతలో చెబుతారు, 15 నుంచి 20 మధ్య ఉండాలి. ఆ సంఖ్యలు గుర్తు లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. లోపలికి దిగాలి, వేలు తీయగానే తిరిగి పైకి రావాలి. దిగనిది గట్టి రబ్బరు, దిగి లేవనిది ఒట్టి స్పాంజి. రెండూ వద్దు. కింద గట్టి రబ్బరు అడుగు ఉండాలి, పాత టైరు ముక్క అయినా సరే. మన తోటల్లో ఇది తప్పనిసరి. ఒక్క మెత్తని రబ్బరే ఉంటే తుమ్మ ముల్లు సూటిగా అరికాల్లోకి దిగుతుంది, స్పర్శ లేనివారికి తెలియనే తెలియదు. ఒట్టి టైరు చెప్పులు మన పెద్దలు వాడినవే, ముల్లు దిగదు గాని అరికాలికి రాయి మీద నడిచినట్లే.

పై పట్టీలు వెడల్పుగా, వదులు బిగువు చేసుకునే వీలుతో ఉండాలి. బకిల్ అయినా వెల్‌క్రో అయినా ఫరవాలేదు, చూపు తగ్గినవారికి వెల్‌క్రో సులువు. మడమ వెనుక పట్టీ ఉండి తీరాలి. అది లేకపోతే చెప్పు జారిపోకుండా వేళ్లతో పట్టుకుని నడవాలి, పైగా స్పర్శ లేనివారికి చెప్పు ఊడిపోయిన సంగతే తెలియదు. వేళ్ల మధ్య పట్టీ ఉండే హవాయి రకం వద్దు, అక్కడే చర్మం తెగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చెప్పులో ఒక్క మేకు కూడా ఉండకూడదు. జిగురు, కుట్టు మాత్రమే. అడుగు అరిగేకొద్దీ మేకు పైకి పొడుచుకువస్తుంది.

ఇలాంటిది మీ బజారులో చెప్పులు కుట్టే పనివారే చేయగలరు. ఎం.సి.ఆర్. షీటు విజయవాడ వంటి పట్నాలలో చెప్పుల సామాను అమ్మే చోట అడగండి. చెప్పుల మీద వందల్లో ఖర్చవుతుంది గాని వేలల్లో కాదు. కొలత ఇచ్చేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. కాగితం మీద నిలబడి రెండు పాదాలకూ వేర్వేరుగా గీత గీయించుకోండి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్త చెప్పు మొదటి రోజు గంటకు మించి వేసుకోకూడదు. విప్పాక ఎర్రబడిన చోటు అరగంటకు కూడా తగ్గకపోతే ఆ చెప్పు సరిపోలేదని అర్థం.

ఆరు నెలలకో ఏడాదికో ఎం.సి.ఆర్. అణిగిపోతుంది. అప్పుడు ఆ పొర ఒక్కటి మార్పించుకుంటే చాలు.

పట్నంలో ఉండే పిల్లలు, ఆఫీసుకు చెప్పులు బాగోవు అనేవారు, మామూలు స్పోర్ట్స్ షూ వాడుకోవచ్చు, పాదం వంకర లేకుండా ఉంటే. ముందు వెడల్పు, లేసులు, లోపల అట్ట బయటకు తీయగలిగేలా ఉంటే చాలు, పక్కన ఏ గుర్తు ఉన్నా లేకపోయినా ఒకటే. రోడ్డు పక్కన పెద్ద కంపెనీ గుర్తు అచ్చుపోసి అమ్మే నకిలీ బూట్లు మాత్రం కొనకండి. లోపల చేయి పెట్టి తడిమితే కుట్లు, గట్టిపడిన జిగురు ముద్దలు చేతికి తగులుతాయి.

"ఆ చెప్పులా?"

ఇంత చెప్పాక కొందరు మొహం చిట్లిస్తారు. కారణం మాకు తెలుసు. ఆసుపత్రులు ఎన్నో ఏళ్లు ఎం.సి.ఆర్. చెప్పులను ఒకే నల్ల రంగులో, ఒకే తీరులో కుట్టి కుష్ఠు రోగులకు ఇచ్చాయి. కాలు కాపాడిన చెప్పే ఊళ్లో గుర్తుపట్టే ముద్ర అయిపోయింది. ఎందరో వాటిని ఇంటి దగ్గర దాచి, బజారుకు మామూలు చెప్పులతో వెళ్లి పుండ్లు తెచ్చుకున్నారు. ఈ తప్పులో మా వంటి ఆసుపత్రులకూ భాగం ఉంది. మనిషికి కాలితోపాటు పరువు కూడా కావాలని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. ఆ పెద్దాయన కొడుకు బూట్లు కొన్నదీ నాన్న పెళ్లిలో దర్జాగా కనబడాలనే కదా.

ఉపాయం కష్టమేమీ కాదు. ఎం.సి.ఆర్. లోపలి పొర, దాని అంచు చుట్టూ గోధుమ రంగు తోలు అంటిస్తే ఎవరికీ కనిపించదు. పై పట్టీలు మీకు నచ్చిన రంగులో, నచ్చిన తీరులో కుట్టించుకోండి. ఆడవారికి రంగు పట్టీలు బాగుంటాయి. వేలు తీసిన పెద్దాయనకు మేము అలాగే చేయించాం, అదీ కొడుకు ఎంచిన తోలుతోనే. ఇక కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద ఎం.సి.ఆర్. చెప్పులు ఉచితంగా ఇస్తారు, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్తను గాని అడగండి.

ఒక హెచ్చరిక. ఇప్పటికే పుండు ఉన్నవారికి ఈ చెప్పు మందు కాదు. పుండుతో నడుస్తుంటే ఏ చెప్పూ మాన్పలేదు. కట్టు, విశ్రాంతి, కొన్నిసార్లు ప్లాస్టరు కావాలి. ఆలస్యం చేయకుండా రండి. వేళ్లు బాగా వంకరపోయినవారు, ఇదివరకు వేలు తీసినవారు కూడా బజారులో సొంతంగా కుట్టించుకోకుండా ముందు మాకు చూపించండి. వీరికి పాదం అచ్చు తీసి చేయవలసి ఉంటుంది.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆదివారం మందిరం గుమ్మం ముందు చెప్పులు విడవడం మన అలవాటు, గౌరవం. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండలు ఎలా కాలుతాయో అందరికీ తెలుసు. పరుగున దాటేవారికి ఫరవాలేదు, స్పర్శ లేనివారు నింపాదిగా నడిచి బొబ్బలతో సోమవారం మా దగ్గరకు వస్తారు. గుమ్మం దాకా గోనెపట్టా పరిపించండి, నీడ కల్పించండి. షుగరు ఉన్న పెద్దవారికి ఇంట్లో, మందిరంలో వాడుకునే శుభ్రమైన జత వేరుగా ఉంచుకునేందుకు అనుమతి ఇవ్వండి.

చెప్పు వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి చూడండి. మామిడి పుల్ల, చిన్న రాయి, ఒకసారి ఒకరి బూటులో మనవడి గోలీకాయ కూడా మేము చూశాం. ఆయన దానితో రెండు రోజులు నడిచారు.

పాదాలు చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మీ పాత చెప్పులు పారవేయకుండా వెంట తీసుకురండి. అవి ఎక్కడ అరిగాయో చూస్తే మీ బరువు పాదంలో ఎక్కడ పడుతోందో మాకు తెలుస్తుంది.