పగ ఎవరిని చంపుతుంది?
(పల్నాటి యుద్ధం, హామ్లెట్: ఒక పరిశీలన)



ఈసారి నేను పగ గురించి రాస్తున్నాను. రెండు కథలు తీసుకున్నాను. ఒకటి మన పక్కదే, రెండోది దూరదేశానిది.

1. పల్నాటి కథ

మన మేళ్లచెరువు ప్రాంతం నుంచి కృష్ణ దాటితే అవతల పల్నాడు. అక్కడ 12వ శతాబ్దంలో ఒకే తండ్రి కొడుకులైన నలగామరాజు, మలిదేవరాజు రాజ్యం కోసం తగువుపడ్డారు. నలగాముని పక్క నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్క బ్రహ్మనాయుడు ఉన్నారు. కోడిపందెంలో ఓడిన మలిదేవుని వాళ్ళు ఏడేండ్లు వలస పోయారు. గడువు తీరాక, మా రాజ్యం మాకివ్వండని అడగడానికి అలరాజును రాయబారం పంపారు. ఈ అలరాజు ఎవరో కాదు, నలగాముని సొంత అల్లుడు. అయినా నలగాముని తమ్ముడు నరసింగరాజు అతనికి విషం పెట్టించాడు. అలరాజు భార్య పేరిందేవి సహగమనం చేసింది. అంటే నలగాముని పక్షం చేసిన పనికి నలగాముని కూతురే బలి అయిందన్నమాట.

కారంపూడిలో రెండు సైన్యాలూ దిగాక కూడా సంధి మాటలు నడిచాయి. పెద్దలు సరేనన్నారు. కానీ బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు ఒప్పుకోలేదు. అలరాజు చావుకు బదులు తీర్చాల్సిందే అన్నాడు. యుద్ధం జరిగింది. నరసింగరాజు చచ్చాడు, పగ తీరింది. బాలచంద్రుడూ చచ్చాడు. రెండు వైపులా వీరులంతా పోయారు. గెలిచిన బ్రహ్మనాయుడు చివరికి రాజ్యాన్ని మళ్ళీ నలగామునికే అప్పగించాడని కథ చెబుతుంది. మరి ఇంతమంది ఎందుకు చచ్చినట్టు? తర్వాత పల్నాడు కాకతీయుల ఏలుబడిలోకి పోయింది.

2. హామ్లెట్ కథ

ఇది షేక్స్పియర్ 1600 ప్రాంతంలో రాసిన విషాద నాటకం. డెన్మార్క్ రాజును సొంత తమ్ముడు క్లాడియస్ చెవిలో విషం పోసి చంపి, రాజ్యాన్నీ వదిననూ తీసుకుంటాడు. రాజు కొడుకు హామ్లెట్ పగ పడతాడు. చంపాల్సింది ఒక్కణ్ణే. కానీ తెరచాటున ఉన్నది క్లాడియస్ అనుకుని పొలోనియస్ అనే ముసలాయన్ని పొడుస్తాడు. ఆయన కూతురు ఒఫీలియా మతి చలించి నీళ్ళలో పడి చనిపోతుంది. ఆయన కొడుకు లేర్టీస్ ఇప్పుడు హామ్లెట్ మీద పగబడతాడు. చూశారా, పగ తీర్చుకోబోయినవాడే ఇంకొకరి పగకు గురి అయ్యాడు! నాటకం అయ్యేసరికి హామ్లెట్ తల్లి, ఇద్దరు పాత స్నేహితులతో కలిపి ఎనిమిది మంది పోయారు. అందులో రాజును చంపినవాడు ఒక్కడే.

ఇందులోనే ఫోర్టిన్‌బ్రాస్ అనే ఇంకో రాకుమారుడు ఉన్నాడు. అతని తండ్రిని హామ్లెట్ తండ్రి చంపాడు. అతను కూడా దండెత్తబోయి, పెదనాన్నో చిన్నాన్నో అయిన రాజు మందలిస్తే మానుకున్నాడు. చివరికి డెన్మార్క్ సింహాసనం అతనికే దక్కింది.

3. మనకేమిటి?

రెండు కథల్లోనూ ఆపే చోటు ఒకటి వచ్చింది. కారంపూడిలో సంధి దాకా వచ్చి పోగొట్టుకున్నారు. ఫోర్టిన్‌బ్రాస్ పెద్దల మాట విని ఆగాడు. తేడా అంతే.

మా తండాలో గెట్టు తగాదాతో రెండిండ్లు మాట్లాడుకోవు. తగాదా పడ్డ తాతలిద్దరూ పోయారు. మనవలం మాత్రం బోరింగు దగ్గర మొహాలు తిప్పుకుంటున్నాం. ఆ ఇంటి అబ్బాయి మన హాస్టల్లోనే ఉన్నాడు. ఈ గోడ దగ్గరికి రోజూ వచ్చి చదువుతాడు. తమ్ముడూ, గెట్టు సంగతి పెద్దలు చూసుకుంటారు. రేపు అన్నం బెల్లు కొట్టినప్పుడు నా పక్కన కూర్చో.

ఆలోచించండి:
1. బాలచంద్రుని చోట మీరుంటే సంధికి ఒప్పుకునేవారా?
2. పేరిందేవి, ఒఫీలియా చేసిన తప్పేమిటి?