దాచుకున్న గొంతు

ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో తొలిసారి చూపిన చిన్న క్యాసెట్టు, తరువాతి దశాబ్దాలలో తెలుగు పల్లెల్లోకి కూడా ప్రవేశించింది. సినిమా పాటల క్యాసెట్టు పాడైతే అదే పాట మరొక చోట దొరుకుతుంది. ఇంట్లో రికార్డు చేసుకున్న వాటి సంగతి వేరు. జాతరలో చెప్పిన ఒగ్గుకథ, అమ్మమ్మ పాడిన లాలిపాట, దూరదేశం వెళ్ళిన కొడుకు ఉత్తరానికి బదులుగా మాట్లాడి పంపిన కబుర్లు - వీటికి రెండో ప్రతి ఉండదు. అందువల్ల పాత క్యాసెట్టు చేతికి చిక్కగానే యంత్రంలో పెట్టి మీట నొక్కడం తొందరపాటు. ముందు దానిని పరీక్షించాలి.

క్యాసెట్టులోని టేపు 3.81 మిల్లీమీటర్ల వెడల్పు గల పాలియెస్టర్ పట్టీ. దానిపై సాధారణంగా ఐరన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. శబ్దం ఆ పూతలో అయస్కాంత రూపంలో నిలిచి ఉంటుంది. 60 నిమిషాల టేపు మందం సుమారు 18 మైక్రాన్లు కాగా, 120 నిమిషాల దానిది సుమారు 9 మాత్రమే. ఎక్కువ సేపు వస్తుందని ఆశపడి కొన్న టేపులే తొందరగా సాగిపోవడానికీ, చిక్కుపడడానికీ కారణమిదే.

వెలుతురులో కిటికీ గుండా చూస్తే చుట్ట అంచు సమంగా కనబడాలి. తెల్లని మచ్చలు ఉంటే అది బూజు. అట్టి క్యాసెట్టును యంత్రంలో పెడితే బూజు హెడ్‌కు అంటుకొని ఇతర క్యాసెట్లకూ పాకుతుంది. ముందు భాగంలో సన్నని లోహపు రేకుపై చిన్న ఫెల్టు మెత్త ఉంటుంది. టేపును హెడ్‌కు ఆనించి ఉంచేది అదే. జిగురు ఎండి అది రాలిపోతే ధ్వని మందగిస్తుంది. టేపే చెడిందని భ్రమపడి పారవేసినవారు ఎందరో! ఆరు పలకల పెన్సిలును చక్రం పళ్ళ మధ్య దూర్చి నెమ్మదిగా తిప్పితే బిగుసుకున్న చుట్ట సడలుతుంది.

టేపు తెగితే మరలు విప్పి, పెట్టెను బల్లపై పరుండబెట్టి తెరవాలి. మరలు లేకుండా అతికించిన పెట్టె అయితే జాగ్రత్తగా చీల్చి, చుట్టలను వేరొక పెట్టెలోకి మార్చక తప్పదు. తెగిన కొసలను ఒకదానిపై ఒకటి ఉంచి ఏటవాలుగా ఒకే వేటున కోయాలి. తరువాత వాటిని సందు లేకుండా ఆనించి, పూత లేని వైపున స్ప్లైసింగ్ టేపు అంటించాలి. ఇంట్లో వాడే సెల్లోటేపు పనికిరాదు. దాని జిగురు వేసవిలో కరిగి పక్క పొరను కూడా పట్టేస్తుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే ఒక సెంటీమీటరు కత్తిరిస్తే సెకనులో ఐదోవంతు, దాదాపు ఒక అక్షరం పోతుంది. కనుక నలిగిన ముక్కను కోసివేయడం కంటే మెల్లగా సరిచేయడమే మేలు.

చివరగా హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వాలి. టేపు మరల తెగవచ్చు కనుక మొదటిసారి వినేటప్పుడే కంప్యూటరులోకి ప్రతి తీసుకోవాలి. పెట్టె వెనుక అంచున ఉన్న రెండు చిన్న పలకలను అంతకుముందే విరిచివేస్తే, పొరపాటున రికార్డు మీట నొక్కినా యంత్రం అంగీకరించదు.