చెరువు గట్టు మీద తెలంగాణ పాఠం

మూడో తరగతి పిల్లను తెలంగాణ గురించి అడిగితే 33 జిల్లాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. మన ఊరి చెరువులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయంటే మాత్రం తెల్లమొహం వేస్తుంది. అందుకే చెరువుతోనే మొదలుపెడదాం. ఇక్కడి భూగోళం, చరిత్ర, పండుగ మూడూ ఆ గట్టు మీదే కలుస్తాయి. వారానికొకటి చొప్పున అయిదు ఆదివారాలు చాలు.

కావలసినవి: ముగ్గుపిండి, నీలం ఉన్నిదారం, చింతగింజలు, పొడవాటి తాడు, ఒక తాంబాళం.

1. వాననీళ్ల వెంట నడవండి
వాన వెలిశాక పిల్లలతో కాలువ వెంట చెరువుదాకా నడవండి. తూము ఏదో, మత్తడి ఏదో చూపించండి. చెరువు నిండితే మత్తడి దుంకి, ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. ఇలా ఒకదాని కింద ఒకటిగా ఉండేవాటినే గొలుసుకట్టు చెరువులంటారు. మనది దక్కన్ పీఠభూమి. నదులు పల్లంలో, పొలాలు ఎత్తులో ఉంటాయి కాబట్టి పడిన వానను పడిన చోటే ఆపుకోవాల్సి వచ్చింది.

2. డాబా మీద పటం వేయండి
ముగ్గుపిండితో రాష్ట్రం హద్దు గీయండి. వంకర పోయినా ఫరవాలేదు. మొదటి చింతగింజ మన ఊరిది. ఉత్తరాన గోదావరికి దారం పరచండి. కందకుర్తి దగ్గర మంజీర కలుస్తుంది, ఆ తర్వాత బాసర, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, చివరికి భద్రాచలం. దక్షిణాన కృష్ణ, దాని మీద నాగార్జునసాగర్. హైదరాబాద్ మీదుగా పోయే మూసీ కృష్ణలోనే కలుస్తుంది. ఇక మన చెరువు నీళ్లు ఏ దారంలోకి చేరతాయో పిల్లల్నే వెతకనివ్వండి. తొందరపడి జవాబు చెప్పకండి.

3. తాడుకు ముడులు వేయించండి
పిల్లల చేతి జేన ఒకటి నూరేళ్లనుకోండి. మొదటి ముడి 1163, హనుమకొండ వేయిస్తంభాల గుడి. అక్కడినుంచి అర జేనకు 1213, రామప్ప గుడి. మొదటి ముడి నుంచి నాలుగు జేనలు దాటి మరికాస్త పోతే 1591, చార్మినార్. చివర్లో 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవడం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడం, 2014 జూన్ 2న తెలంగాణ రావడం. ఈ మూడూ ఒక్క జేనలోపే! ఇప్పుడు నానమ్మ పుట్టిన ఏడాదికి రంగుదారంతో ఒక ముడి వేయించండి. అది ఈ మూడు ముడుల దగ్గర్లోనే పడుతుంది. ఇక ప్రశ్నలు నానమ్మకే, మీకు కాదు.

4. బతుకమ్మ పేర్చనివ్వండి
తాంబాళంలో ఆకులు పరిచి గునుగు, తంగేడు, బంతి వరుసలుగా పేర్చాలి. పైన పసుపు గౌరమ్మ. తంగేడు బీడు భూముల్లో, గునుగు చేలగట్ల మీద దానంతటదే పూస్తుంది. ఎక్కువగా కొనకుండా దొరికే పూలతోనే ఈ పండుగ. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఆడి, చెరువులో వదులుతారు. వానలు వెనకబట్టి చెరువులు నిండుగా ఉండే రోజులవి. పండుగ అప్పుడే ఎందుకో పిల్లలు మొదటి వారం నడకతో ముడివేసుకుంటారు. సద్దుల పూట మలీద ముద్దలు తప్పనిసరి!

5. ఒక్క చోటికి తీసుకెళ్లండి
ఒకే రోజు పది చోట్లు తిప్పితే పిల్లలకు ఐస్‌క్రీమ్ మాత్రమే గుర్తుంటుంది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప చాలు. బయల్దేరే ముందు బకెట్ నీళ్లలో ఇటుక ముక్క వేయించండి, మునుగుతుంది. రామప్ప శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయని అప్పుడు చెప్పండి. బన్నులో ఉన్నట్టు వాటి నిండా సన్నని గాలి గదులే. గుడి కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. యునెస్కో 2021లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి చూశాక పక్కనే ఉన్న రామప్ప చెరువు గట్టెక్కండి. గుడి కట్టినవాళ్లు చెరువూ ఎందుకు తవ్వించారో అక్కడ అడగండి.

చివర పరీక్ష పెట్టకండి. తిరిగొచ్చే దారిలో బస్సు కిటికీలోంచి ఇంకో చెరువు కనబడినప్పుడు, ‘దీని మత్తడి ఎటు పోతది?’ అని వాళ్లే అడిగితే పాఠం వచ్చినట్టే.