మోకాటినొప్పికి స్వంత క్రొవ్వుతో చికిత్స

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో నాట్లు వేసి, కలుపు తీసి మోకాళ్లరిగిన పెద్దలు పెక్కుమంది కలరు. అట్టివారికి “నీ క్రొవ్వే నీకు మందు” అను మాట యింపుగా దోచును. అందలి నిజమెంతయో విచారింతము.

2001వ సంవత్సరమున అమెరికాయందు పెట్రీషియా జుక్ మొదలగు శాస్త్రజ్ఞులు, మనుష్యుని క్రొవ్వులో మూలకణములు గలవనియు, నవి ప్రయోగశాలలో ఎముకగాను, కీళ్ల నడుమ మెత్తగానుండు మృదులాస్థిగాను మారగలవనియు ప్రకటించిరి. దానినిబట్టి వైద్యులు రోగి పొట్టనుండి సన్నని గొట్టముతో క్రొవ్వును పీల్చి, కణములను వేఱుచేసి, సూదితో కీలులోనికెక్కించుచున్నారు. కొందఱికి నొప్పి తగ్గినది. అరిగిన మృదులాస్థి మరల పెరుగునని మాత్రము నిశ్చయముగా రుజువు కాలేదు. గాజుపాత్రలో మొలచిన విత్తనమెల్ల చేనులో పండదని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

2022లో మన దేశమున మోకాటి వ్యాధికి అనుమతి పొందిన మూలకణముల మందొకటి కలదు. అది పరుల ఎముకమజ్జనుండి చేసినది, స్వంత క్రొవ్వునుండి కాదు. ఈ రెంటిని కలిపి చెప్పువారియెడ జాగరూకత వలయును. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమములనుబట్టి, రుజువుకాని యిట్టి చికిత్సలు నమోదైన పరీక్షలయందే జరుగవలెను. ఆ పరీక్షలలో రోగివద్ద సొమ్ము గొనరాదు.

కావున తండ్రి మోకాలికై చేను కుదువబెట్టదలచిన కుమారుడు, “ఇది పరీక్షయా? నమోదు సంఖ్య యెంత? సొమ్మేల?” అని ముందుగా నడుగవలెను. ఈలోపల బరువు తగ్గించుకొనుటయు, తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును వైద్యుని సలహాపై చేయదగినవి. వీనికి అప్పు అక్కఱలేదు.