ఆక్యుపేషనల్ థెరపీ: రోగుల మధ్యనే పరిశోధన

గోదావరి జిల్లాల్లో బైపీసీ చదివిన పిల్లలకు నీట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ తప్ప దారి లేదన్న నమ్మకం ఎంత బలంగా ఉందంటే, మూడో ఏడు కూడా హాస్టల్ ఫీజు కట్టడానికి వెనకాడని తల్లిదండ్రులు ఆక్యుపేషనల్ థెరపీ పేరెత్తగానే అది ఫిజియోథెరపీలో ఒక ముక్క అని కొట్టిపారేస్తారు. పరిశోధన మాట వస్తే, అది రోగుల జోలికి పోకుండా పాఠాలు చెప్పుకొనే పీహెచ్‌డీల పని అంటారు. మొదటి అపోహ పిల్లల ఏళ్లను తినేస్తే, రెండోది ఈ వృత్తిలోకి వచ్చినవారిని సైతం సగం దారిలో ఆపేస్తోంది.

జబ్బు వల్లో ప్రమాదం వల్లో పుట్టుకతోనో శక్తి తగ్గిన మనిషి తన రోజువారీ పనులు తానే చేసుకోగలిగేలా చేసే చికిత్సే ఆక్యుపేషనల్ థెరపీ. ఆ పనులు ప్రాంతానికొక తీరుగా ఉంటాయి కనుక ఇక్కడ పరిశోధన ప్రశ్నలు క్లినిక్‌లోనే పుడతాయి. పక్షవాత రోగి ఎంతవరకు స్వయంగా మసలగలడో కొలవడానికి నేటికీ వాడే బార్తెల్ సూచిక 1965లో అమెరికాలో వెలువడింది. భోజనం అంశం కింద అది ముక్కలు కోసుకోవడాన్ని, వెన్న రాసుకోవడాన్ని ప్రస్తావిస్తుంది. పప్పన్నం వేళ్లతో కలిపి ముద్ద చేసుకోవడం, నేలమీద మఠం వేసుకుని కూర్చుని లేవడం వంటివాటికి ఎన్ని మార్కులివ్వాలి, ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా కొలిచినా ఒకే ఫలితం వస్తుందా అన్నది తేల్చడమే ఒక పరిశోధన. నరసాపురంలో లేసు అల్లే మహిళకు కుడిచేతి పట్టు తప్పితే, చికిత్సకు ముందు కొన్నాళ్లు, చికిత్స సాగినన్నాళ్లూ ఆమె క్రోషే సూదిని ఎంతసేపు పట్టుకోగలిగిందో ఒకే పద్ధతిలో రాసిపెట్టడం మరొకటి. ఒక్క రోగినే పదేపదే కొలిచే ఈ పద్ధతిని సింగిల్ కేస్ డిజైన్ అంటారు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు గాని రోగి సమ్మతి, ఎథిక్స్ కమిటీ అనుమతి, ఓపిక తప్పనిసరి.

రోగుల రికార్డుల నుంచి ఎంత దూరం పోవచ్చో హైదరాబాద్ నిమ్స్ చూపించింది. అప్పట్లో అక్కడ పనిచేసిన నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివారిలోనూ ఆ తేడా ఉందని 2013లో ప్రకటించింది.

ఇక ఈ రంగం పేరిట సంతలో దొరికే సరుకు వేరు. స్పర్శ, కదలిక వంటి ఇంద్రియ సమాచారాన్ని మెదడు సమన్వయం చేసుకునే తీరుపై ఆధారపడిన సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతాన్ని, చికిత్సను నిర్మించిన జీన్ ఎయిర్స్, అమెరికాలో పిల్లలకు చికిత్స చేస్తూనే ఏళ్ల తరబడి కొలతలు తీశారు. ఆ పేరు మీదే ఇప్పుడు రెండు రోజుల సర్టిఫికెట్లు అమ్ముతున్నారు. డబ్బు తీసుకుని వచ్చింది వచ్చినట్టు అచ్చేసే పత్రికల్లో వ్యాసం వేయించుకుని అదే పరిశోధన అనుకోవడం అంతకన్నా హీనం. డిగ్రీ చేతికి రాగానే అమెరికా అనే తొందరా మంచిది కాదు: అక్కడ 2007 నుంచి ఈ వృత్తిలో ప్రవేశానికి పీజీ స్థాయి చదువు కావాలి, దానికోసం చేసిన అప్పు తీర్చే భారం చివరికి పిల్లల నెత్తినే పడుతుంది.

డిగ్రీకి ఇంటర్ బైపీసీ చదివినవారు వెళ్లవచ్చు; కటక్, కోల్‌కతా, చెన్నైలలోని కేంద్ర పునరావాస సంస్థల్లో సీట్లున్నాయి, ప్రైవేటు కాలేజీల కన్నా ముందు చూడవలసింది వీటినే. డిగ్రీ తర్వాత రెండు మూడేళ్లు రోగులతోనే గడిపి, అక్కడ తేలని ప్రశ్నను వెంటబెట్టుకుని పీజీకి వెళ్లడం మేలు. ప్రైవేటు కాలేజీయే గతి అయినప్పుడు భవనాన్ని కాదు, దానికి సొంత ఆసుపత్రి ఉందా, ఎథిక్స్ కమిటీ నిజంగా సమావేశమవుతోందా, పాఠం చెప్పే అధ్యాపకులు వారంలో ఎన్ని రోజులు రోగులను చూస్తున్నారు అని అడగాలి.