పాత కంప్యూటరునకు క్రొత్త ఆపరేటింగు సిస్టము

ఈ సంవత్సరము మా తరగతి విద్యార్థులలో పలువురు మమ్మొక ప్రశ్న యడిగిరి: "మాస్టారూ, మా యింట పాత కంప్యూటరొకటి యున్నది. దానికి క్రొత్త విండోసు రాదని దుకాణమువారు చెప్పుచున్నారు. ఇక దానిని పాతసామానులవానికి అమ్మివేయవలసినదేనా?" ప్రశ్న చిన్నదే కాని, దాని నాశ్రయించి నేర్వదగిన సంగతులు పెక్కు గలవు. కావున సమాధానమును పాఠరూపమున నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆపరేటింగు సిస్టమనగా నేమో తెలిసికొందము. కంప్యూటరునందు ప్రాసెసరు, ర్యామ్, హార్డు డిస్కు, కీబోర్డు మున్నగునవి వేర్వేఱు భాగములు. వీనిలో నేదియు తనంతట తాను మన పని చేయజాలదు. పెండ్లి విందులో వండువారు, వడ్డించువారు, నీళ్లు మోయువారు ఎందఱున్నను, ఎవరి కేది యెప్పు డందవలెనో చూచు పెద్ద యొకడు లేనిచో విందు చెడును. కంప్యూటరులో ఆ పెద్దయే ఆపరేటింగు సిస్టము.

పాత సిస్టముతోనే కాలము గడపరాదా యని కొందఱందురు. ప్రతి సిస్టమునందును లోపము లుండును. దానిని తయారుచేసినవారు వానిని ఎప్పటికప్పుడు సరిదిద్దుచుందురు. కాని కొన్ని సంవత్సరముల పిదప ఆ పని మానివేయుదురు. విండోసు 7 నకు 2020 జనవరి 14వ తేదీతోను, విండోసు 10 నకు 2025 అక్టోబరు 14వ తేదీతోను సాధారణపు మద్దతు ముగిసినది. తేదీ దాటినంతమాత్రమున యంత్రము ఆగిపోదు. కాని అటుపిమ్మట బయటపడు లోపములను సరిదిద్దువా రుండరు. గొళ్లెము విరిగిన యింట ధనముంచుట యెట్టిదో, అట్టి కంప్యూటరునుండి బ్యాంకు వ్యవహారములు నడపుట యట్టిది.

మఱి క్రొత్త విండోసు పాత యంత్రమున కేల రాదు? 2001లో వెలువడిన విండోసు ఎక్స్‌పీకి కనీసము 64 మెగాబైట్ల ర్యామ్ చాలెను. 2021లో వెలువడిన విండోసు 11 నకు కనీసము 4 గిగాబైట్లు, అనగా 4096 మెగాబైట్లు కావలెను. ఇరువది యేండ్లలో అవసరము ఎన్ని రెట్లు పెరిగినదో విద్యార్థులే భాగించి చూడుడు: 64 రెట్లు! ఇదిగాక విండోసు 11 నకు 64 గిగాబైట్ల నిలువ స్థలమును, రహస్య సంకేతములను భద్రపఱచు టీపీఎం 2.0 అను భాగమును ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా ఎనిమిదవ తరము మొదలుకొని మాత్రమే అది యంగీకరించును. ఈ నిబంధనలను దాటించు ఉపాయములు కొన్ని ప్రచారమున నున్నవి. కాని వానివలన మున్ముందు అప్‌డేట్లు నిలిచిపోవచ్చును గనుక మేము వానిని బోధింపము.

వేఱొక మార్గము గలదు. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 'లైనక్సు' అను మూలభాగమును వ్రాసి లోకమునకు పంచియిచ్చెను. దానిపై పలువురు పలు సిస్టములు కట్టిరి. 2006లో మొదలైన లైనక్సు మింటు వానిలో నొకటి. 2024లో వచ్చిన దాని 22వ కూర్పునకు కనీసము 2 గిగాబైట్ల ర్యామ్, 20 గిగాబైట్ల స్థలము చాలును. 4 గిగాబైట్ల ర్యామ్, 100 గిగాబైట్ల స్థలము ఉన్నచో పని సుఖముగా సాగును. 64 బిట్ల ప్రాసెసరు మాత్రము ఉండి తీరవలెను. దీనికి వెల లేదు. అయినను విండోసు కొఱకే వ్రాయబడిన ప్రోగ్రాములు దీనియందు నేరుగా నడువవు. మీ తండ్రిగారి దుకాణపు పద్దులు అట్టి ప్రోగ్రాములో నున్నచో, వారి నడిగిన పిమ్మటనే పని మొదలిడుడు.

ఇక పనిలోని క్రమమును చెప్పుటకు ముందు, క్రమము తప్పినందున మాకు గలిగిన నష్టమును దాపక చెప్పుదుము. మా తల్లిగారు జీవించియున్న దినములలో తమ బాల్యపు ముచ్చటలు చెప్పుచుండగా మేము టైపు చేసితిమి. నలువది పుటలైనవి. ఆ ఫైలును సులభముగా కనబడునని డెస్కుటాపు మీద నుంచితిమి. 2019లో మా ల్యాపుటాపున సిస్టము మార్చుచు, డి డ్రైవులోని దంతయు జాగ్రత్తగా కాపీ చేసికొని, సి డ్రైవును తుడిచివేసితిమి. డెస్కుటాపు మీద కనబడు ఫైళ్లు సి డ్రైవులోనే యుండునని యప్పుడు మాకు తట్టలేదు. మరల చెప్పించుకొందమన్న, మా తల్లిగా రంతకు పూర్వమే గతించిరి. తప్పు యంత్రముది కాదు, మాదే. ఈ పాఠము వ్రాయుటకు ముఖ్యకారణ మదియే.

మొదటి మెట్టు భద్రపఱచుట. డెస్కుటాపు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, చిత్రములు ఉండు స్థలములన్నిటిని వెదకి, వేఱొక హార్డు డిస్కునకు ప్రతి తీయుడు. ప్రతి తీసిన చాలదు. దానిని వేఱొక కంప్యూటరులో తెఱచి చూడుడు. పాత తెలుగు పత్రములు గలవా రింకొక జాగ్రత్త వహింపవలెను. తెలుగు లిపికి 1991లోనే యూనికోడులో స్థానము లభించినను, చాలకాలము మనవారు ఫాంటుచేతనే తెలుగు రూపము కల్పించు పద్ధతిని వాడిరి. అట్టి పత్రమున లోపల నున్నవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములే. ఫాంటు లేనిచో తెలుగు మాయమై, అర్థములేని ఇంగ్లీషు అక్షరములు మిగులును. కావున పత్రముతోగూడ ఫాంటును దాచుకొని, పీడీఎఫ్ ప్రతి యొకటి చేసికొనుడు.

రెండవ మెట్టు పెన్ డ్రైవును సిద్ధపఱచుట. 8 గిగాబైట్లది చాలును. మింటువారి సొంత స్థానమునుండి ఐఎస్‌ఓ ఫైలును దింపుకొని, దాని షా-256 సంకేతమును వారు ప్రకటించినదానితో పోల్చుడు. 64 అక్షరములలో నొక్కటి తేడా వచ్చినను మరల దింపుకొనవలెను. పిదప రూఫస్ వంటి సాధనముతో దానిని పెన్ డ్రైవుపైకి ఎక్కింపుడు. పెన్ డ్రైవులోని పాతవన్నియు దీనితో పోవునని మఱవకుడు.

మూడవ మెట్టు పరీక్ష. యంత్రమును ఆర్పి, మరల వెలిగించుచు, దాని తయారీనిబట్టి ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్, డిలీట్ మీటలలో నొకదానిని నొక్కుడు. అచ్చట పెన్ డ్రైవును ఎన్నుకొనినచో మింటు హార్డు డిస్కునకు మార్పేమియు చేయక, పెన్ డ్రైవునుండియే నడచును. ఈ స్థితిలో వైఫై, శబ్దము, కెమెరా, ప్రింటరు, తెలుగు కీబోర్డు అన్నియు పరీక్షింపుడు. నచ్చనిచో ఆర్పివేసి పెన్ డ్రైవు తీసిన చాలును. పాత సిస్టము యథాప్రకార ముండును.

నాలుగవ మెట్టు స్థాపన. పాతదాని ప్రక్కనే క్రొత్తదాని నుంచుట, డిస్కు నంతయు తుడిచివేయుట అను రెండు మార్గములు తెరపై కనబడును. రెండవదాని నెన్నుకొనునపుడు 'ఎరేజ్' అను మాట వచ్చును. అచ్చట చేయి వెనుకకు తీసికొని, మొదటి మెట్టు పూర్తియైనదా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. ల్యాపుటాపునకు చార్జరు తగిలించి యుంచుడు. డెస్కుటాపైనచో యూపీఎస్ లేకుండ కరెంటుకోత వేళలందు ఈ పనికి పూనుకొనకుడు.

మా పాత ల్యాపుటా పిప్పు డీ విధముగనే మింటుతో నడచుచున్నది. పాత హార్డు డిస్కునకు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుటచే త్వరగా మేల్కొనుచున్నది. ఈ వ్యాసమును దానిమీదనే వ్రాసితిమి. కావున, విద్యార్థులారా, మీ కంప్యూటరును తొందరపడి అమ్మివేయవలదు. సెలవులలో పని ప్రారంభించుటకు ముందు మీ అమ్మమ్మను, నాయనమ్మను, తల్లిదండ్రులను దానిచెంత కూర్చుండబెట్టి, "ఇందులో మీకు కావలసిన దేది?" అని యడిగి, వారు చెప్పిన ప్రతి వస్తువును కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితములోని చివరి వస్తువు వేఱొక చోట తెఱచుకొన్న పిమ్మటనే పెన్ డ్రైవును చేత బట్టుడు.