పరికిణీ కుట్టుట: క్రిందియంచు సమముగా వచ్చు విధము

అంచుగల నేతగుడ్డతో ఆడపిల్లకు ఇంటివద్దనే పరికిణీ కుట్టుటకు పలువురు గృహిణులు జంకుదురు. కుట్టు రాక కాదు. తొడిగిన పిదప ముందువైపు పైకి లేచి, ఒక ప్రక్క నేలకు జారునేమోయని. ఆ వంకరను దిద్దుటకై కొందరు క్రిందియంచునే కత్తిరింతురు. మంగళగిరి గుడ్డయైనను, గద్వాల గుడ్డయైనను, నేతకారులు శ్రమించి నేసిన అంచు కత్తెర పాలైనచో ఆ పరికిణీ మరి పండుగకు పనికిరాదు. వంకర కనబడునది క్రింద, దిద్దవలసినది నడుమునొద్ద.

నడుముపట్టీ 24 అంగుళములు, పొడవు 30 అంగుళములు కావలసిన బాలికను తీసికొందము. రెండుంబావు మీటరు గుడ్డ చాలును. దానిని ఒక రాత్రి నీట నానవేసి, పిండక నీడలో ఆరవేయవలెను. గంజి వదలి, కుదించుకొనవలసినంత అప్పుడే కుదించుకొనును. ఆరిన పిదప పన్నా 44 అంగుళము లున్నదనుకొందము. అడ్డముగా ఒక పోగు లాగి, ఆ గీతవెంట 74 అంగుళముల ముక్క కత్తిరింపవలెను. కంటికొలదిని కత్తిరించినచో వంకర అచ్చటనే మొదలగును. మిగిలిన పేలికలో నడుముపట్టీ వచ్చును.

రెండు కొనల అంచులను సరిగా కలిపి, ప్రక్కకుట్టు వేయవలెను. పైన 5 అంగుళములు తెరచి యుంచవలెను. కావలసిన పొడవు పోగా 14 అంగుళములు మిగులును గదా! దానిని కత్తిరింపరాదు. అంచుకు పైగా, చుట్టును, 2 అంగుళముల లోతుగల మడతలు మూడు వరుసలు కుట్టినచో 12 అంగుళములు వానిలో ఇముడును. పిల్ల ఎదిగినకొలది ఒక్కొక్క వరుస విప్పినచో 4 అంగుళముల పొడవు లభించును. మడతలోని గుడ్డ వెలియదు గనుక విప్పినచోట రంగు చిక్కగా కనబడును. అంచు ప్రక్కనే యుండుటచే అది మరియొక పట్టీవలె తోచును, వికారముగా నుండదు. తక్కిన 2 అంగుళములు నడుమునొద్ద దిద్దుబాటుకు.

ఇక కుచ్చులు. ప్రక్కకుట్టుకు పోగా 72 అంగుళములుండును. మూడేసి అంగుళములకొక కుచ్చు పెట్టి, పైకి ఒక్కొక్క అంగుళము కనబడునట్లు మడచినచో 24 కుచ్చులగును. గుర్తులు పైయంచుననే కాక, జానెడు క్రిందను గూడ సుద్దతో పెట్టి, రెంటిని కలుపుచు మడవవలెను. పైన మాత్రమే గుర్తుపెట్టిన కుచ్చు ఏటవాలుగా దిగి, అంచును తనతో లాగుకొనిపోవును. పిదప నడుముపట్టీకి వదులైన కచ్చాకుట్టు మాత్రమే వేయవలెను.

సమమైన నేలపై పిల్లను నిలువబెట్టి పరికిణీ తొడుగుడు. నడుమునుండి అంతట ఒకే కొలత యున్నను అంచు సమముగా వ్రేలాడదు. పొట్టయు, పిరుదులును గుడ్డను కొంత తినివేయును. కావున కొలత నేలనుండి పైకి తీయవలెను. ఒక పుల్లపై 2 అంగుళములకడ గీత గీసి, నేలకు నిలువుగా ఆనించి, చుట్టును ఎనిమిది తావుల చూడుడు. పిల్ల తన పరికిణీని చూచుకొనుటకు వంగక మానదు. వంగినంతనే ముందంచు దిగును. ఎదుట నొకరు నిలిచి మాటలలో పెట్టుట మేలు. ఎచ్చట అంచు గీతకు అర అంగుళము దిగినదో, అచ్చటి కుచ్చును పట్టీలోనికి అర అంగుళము ఎక్కింపవలెను. లేచినచోట అంత వదలవలెను. మరల తొడిగి చూచి, అప్పుడే గట్టికుట్టు వేయవలెను.

స్కాట్లండు పురుషులు ధరించు కిల్టు అను కుచ్చుల ఉన్నివస్త్రమును ఇట్టిదే. సంప్రదాయముగా దాని క్రింద మడచి కుట్టరు. నేతలోని అంచే క్రిందికి వచ్చును.

గొడుగు కత్తిరింపు లంగా సంగతి వేరు. అందు ఐమూలగా పడిన భాగములు తమ బరువుచేతనే సాగును. పట్టీ కుట్టి, ఒక పగలు, ఒక రాత్రి కొక్కెమునకు వ్రేలాడదీసి, సాగవలసినంత సాగిన పిదపనే నేలనుండి గుర్తుపెట్టి, అధికమును కత్తిరించి, సన్నగా మడచి కుట్టవలెను. వెడల్పుగా మడచినచో వంపులయందు ముడుతలు పడును.